యాడికి అంటే యాడికే

అరవై దాటాక అందరికీ మోకాళ్ల నొప్పులు వస్తాయి, బీపీ వస్తుంది. నాకు వాటితోపాటు పాటలు కూడా వచ్చాయి. పిల్లల పాటలు, అదీ నవ్వులాట పాటలు. బతుకంతా జనగామ బస్సుల్లో కండక్టరుగా నిలబడి "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని అరిచిన గొంతు నాది. ఆ గొంతులో పాట ఉందంటే నాతో పనిచేసిన డ్రైవర్లు ఒక్కరూ నమ్మరు. నేనే నమ్మలేదు. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్న మూడో నెలలో, ఒక పొద్దున ఉల్లిగడ్డలు కోస్తుంటే, ఎవరో తోలినట్టు ఒక మేక వచ్చి నా తలలోకి ఎక్కింది.

మేక బస్సెక్కె
మెట్టు మీద నిక్కె
టికెటు చేతికియ్యంగనె
టపుక్కున మెక్కె!

కత్తి పక్కన పడేసి పకపకా నవ్వాను. వంటింట్లో ఒక్కదాన్నే, ఉల్లి ఘాటుకు కళ్లల్లో నీళ్లు కారుతుంటే నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే వెనక నుంచి చెకింగు సారు కూడా వచ్చేశాడు.

చెకింగు సారొచ్చె
టికెటేదే అనె
మేక నోరు తెరిచి
"మే... మేసిన" అనె!

మరిచిపోతానేమోనని ఒకటే గాబరా. చేతికి దొరికింది టికెట్ మిషన్ రోలు ముక్క. ఆ రోలు అయిపోవస్తే అంచున గులాబీ గీత కనిపిస్తుంది, అప్పుడు కొత్తది వేసుకోవాలి. మిగిలిన మూరెడు ముక్కను చెత్తలో వేయబుద్ధి కాక ఏళ్ల తరబడి ఇంటికి తెచ్చి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. కూరగాయల చిట్టీలకు పనికొస్తాయని ఆశ. ఆ కాగితం వెడల్పు మూడు వేళ్లు ఉండదు. నా పాటల్లో పాదాలన్నీ పొట్టిగా ఉండేది అందుకే. ఇదేం ఛందస్సు అని ఎవరైనా అడిగితే టికెట్టు ఛందస్సు అని చెబుతాను. ఇంకో సంగతి, ఆ కాగితానికి వేడి తగిలితే నల్లబడుతుంది. నా మూడో పాట చాయ గ్లాసు కింద పడి గుండ్రంగా మాడిపోయింది. కోతి మీద రాసిన పాట అది. ఎంత తన్నుకున్నా మళ్లీ గుర్తుకు రాలేదు. ఇప్పటికీ ఆ కోతి మీద నాకు మనాదే, తీరని బెంగ.

మా పక్కిల్లు కిరాణా దుకాణం వాళ్లది. వాళ్ల మనుమడు, మనుమరాలు బడి నుంచి రాగానే గోడెక్కి మా ఇంట్లోకి చూస్తారు. మేక పాట మొదట విన్నది వాళ్లే. మనుమరాలు నవ్వీ నవ్వీ గోడ మీది నుంచి జారి, అటువైపు చింతపండు బస్తాల మీద పడింది. దెబ్బ తగలలేదు గానీ వాళ్ల నాయనమ్మ బయటికి వచ్చి నన్ను పట్టుకుంది.

"ఏందక్కా, ముసలితనంల నీకు గిదేం పిచ్చి? పోరగాండ్లు అన్నం తినుకుంట గూడ మే మే అనవట్టిరి."

"నవ్వుకుంట తింటె మంచిగ అరుగుతది తియ్యి," అన్నాను.

ఆమె లోపలికి పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. "గట్లనే మా దుకాణం మీద గూడ ఒకటి రాయరాదు జర," అంది గొంతు తగ్గించి. బెల్లం ముద్దలో కాళ్లు ఇరుక్కున్న ఈగ మీద రాసిచ్చాను. దాన్ని ఆమె తక్కెడ పక్కన గోడకు అంటించుకుంది.

ఆ రోజుల్లో నేను ఎట్లా తిరిగానో తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్లు పొంగుతుంది. మెట్లు ఎక్కుతూ పాట, మాత్ర మింగుతూ పాట. దవాఖానలో డాక్టరు నాలుక చాపమంటే, చాపిన నాలుక మీదే ప్రాస దొరికింది. నోరు మూసే దాకా ఎక్కడ పారిపోతుందోనని ఒకటే భయం. కొంగుకు పెన్ను కట్టుకుని తిరిగాను. ఇరవై ఏళ్ల పిల్లకు ప్రేమ వస్తే ఇట్లాగే ఉంటుందేమో. నాకు ఆ వయసులో పెళ్లయితే అయింది గానీ ఈ సంబరం మాత్రం రాలేదు.

మా మేడ మీది గదిలో ఒక టీచరమ్మ అద్దెకు ఉంటుంది. లంబాడీ పిల్ల. తండాలో పుట్టి, చదువుకుని, ఇప్పుడు నర్మెట్ట దిక్కు ఒక తండా బడిలో చదువు చెబుతోంది. రోజూ పొద్దున్నే బస్సు కోసం ఉరుకుతుంది. ఒకనాడు మెట్లు దిగుతూ మేక పాట విని అక్కడే కూలబడి నవ్వింది. ఆ రోజు బస్సు కూడా తప్పిపోయింది.

"అమ్మా, నెలకొక శనివారం మా పిల్లలు సంచులు లేకుంట బడికొస్తరు," అంది. "ఆ దినం మొత్తం ఆటలు పాటలే. ఈసారి మీరొచ్చి పాడాలె."

"నేనా? స్టేజీ అంటె నాకు బస్సు స్టేజీలే ఎరుక బిడ్డా."

"మా బడిల స్టేజీ లేదు తియ్యుండ్రి. నేల మీద కూసొనుడే."

పైకి వద్దంటున్నాను గానీ లోపల గంతులేస్తున్నాను. గోడ మీది ఇద్దరు పిల్లలు నవ్వితేనే వారం రోజులు నిద్ర పట్టలేదు, బడి మొత్తం నవ్వితే ఏమైపోతానో! తండా పిల్లలకు తండా పాట ఒకటి ఉండాలనుకున్నాను. నా దగ్గర సరుకు కూడా సిద్ధంగా ఉంది.

అది డిపో రెస్టు రూములో నేను ఎన్నోసార్లు చెప్పిన ముచ్చట. మా వైపు ఎక్కడికి అనడానికి యాడికి అంటాం. కండక్టరు నోట్లో పొద్దస్తమానం నానే మాట అదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నర్మెట్ట రూటులో ఒక చిన్న లంబాడీ పిల్ల ఒక్కతే బస్సెక్కింది. ఆరేడేళ్లు ఉంటాయేమో. "యాడికి?" అని అడిగాను. "యాడికి," అంది. "యాడికే?" అని గట్టిగా అడిగాను. "యాడికి," అంది మళ్లీ. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. ఆ పిల్ల వాళ్లమ్మ దగ్గరికి పోతోంది! ఇది చెప్పినప్పుడల్లా డ్రైవర్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఒక్క సాయంత్రంలో దాన్ని పాట కట్టేశాను.

యాడికి పిల్లా యాడికి?
యాడికి అంటే యాడికి!
అడిగిన మాటే
అప్పజెప్పె
తెలివిలేని రామచిలక!

టీచరమ్మను పిలిచి, చాయ ఇచ్చి, ఎదురుగా నిలబడి చేతులు ఊపుతూ పాడాను. ఆమె నవ్వలేదు. గ్లాసును రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చుంది.

"అమ్మా, గీ పాట ఇంటె మా పిల్లలు ఎవల్ని చూసి నవ్వాలె?" అంది.

నాకు చుర్రుమంది. "నవ్వులాటకు గూడ కానూన్లు ఉంటయా టీచరమ్మా? పిల్లలు నవ్వితె సాలదా?"

"బడికి పోయిన కొత్తల నన్ను గూడ చిలక అనే అన్నరు," అంది. గొంతులో కోపం లేదు. "ఒకటి చెప్త ఇనుండ్రి. మా మాటల యాడి అంటరు, గంతే. ఆ 'కి' మాది కాదు, మీ తెలుగుది. గా పిల్లకు తెలుగు రాకున్నా, మీకు సమజ్ కావాలెనని యాడికి 'కి' తగిలిచ్చి చెప్పింది. గంత చిన్న పిల్ల మీ కోసం తెలుగు మాట్లాడిందమ్మా."

గ్లాసు కడిగి బోర్లించి పైకి వెళ్లిపోయింది.

నాకు కోపం ఎక్కువ. యాభై మందికి చోటున్న బస్సులో నూరు మందిని సర్దినదాన్ని, కోపం లేకపోతే ఎట్లా బతుకుతాను? ఆ సాయంత్రమంతా గిన్నెలు ఢమఢమా పడేశాను. ఇంత పాడు పాటకు అంత పంచాయితీనా అని గొణుక్కున్నాను. కానీ 'ఎవల్ని చూసి నవ్వాలె' అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆ ప్రశ్న నేను ఇదివరకే విన్నాను. మాది తొర్రూరు. చిన్నప్పుడు మా అవ్వ నన్ను సినిమాకు తీసుకుపోయింది. అందులో మా భాష మాట్లాడేవాడు ఒకడే, వాడు తాగుబోతు. వాడు నోరు తెరిచినప్పుడల్లా హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. బయటికి వచ్చాక మా అవ్వ, "వాడు మన తీర్గనే మాట్లాడిండు గదనే, మరెందుకు నవ్విరి?" అని అడిగింది. నిజంగానే అర్థం కాక అడిగింది.

పొద్దున్నే మెట్ల దగ్గర టీచరమ్మ కోసం కాచుకుని కూర్చున్నాను. రాగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాను. డిపోలో ఎన్నడూ చెప్పని మిగతా సగం ఆమెకు చెప్పాను.

ఆ రోజు బస్సు కిక్కిరిసి ఉంది. ఆడ కండక్టరు అంటేనే వింతగా చూసే రోజులు. ఆ పిల్ల యాడికి అన్నప్పుడల్లా బస్సంతా నవ్వింది. పిల్ల నన్ను ఎక్కిరిస్తోందనుకున్నాను. నెత్తికెక్కిన కోపంతో ఈల ఊది, తలుపు తీసి, "దిగు," అన్నాను. దిగింది. బస్సు ఫర్లాంగు పోయాక వెనక సీట్లో ఉన్న లంబాడీ ముసలమ్మ లేచింది. "యాడి అంటె అమ్మ బిడ్డా. పత్తి ఏరవోయిన వాళ్లమ్మ తానికి పోతాంది గా పోరి," అంది. "హోల్డాన్!" అని కేక పెట్టాను. డ్రైవరన్న ఒక్క మాట అడగకుండా బస్సును వెనక్కి నడిపాడు. పిల్ల రోడ్డు పక్కన నడుస్తోంది. తలుపులో నిలబడి, "ఎక్కు బిడ్డా, ఎక్కు," అన్నాను. నా మొహంలోకి చూసింది. ఒక్కసారి తల అడ్డంగా ఊపింది. మళ్లీ నడవడం మొదలుపెట్టింది. ముసలమ్మ నన్ను ఏదో అనుకుంటూ దిగి, పిల్ల చేయి పట్టుకుంది. ఇద్దరూ పత్తి చేల వెంట పోయారు.

ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నెల తిరగకుండానే దాన్ని జోకు చేసి డిపోలో చెప్పడం మొదలుపెట్టాను. పిల్లను దించిన సంగతి, తల ఊపిన సంగతి తీసేస్తే మిగిలేది మంచి జోకే మరి. చెప్పగా చెప్పగా నాకు కూడా అంతే జరిగినట్టు అనిపించేది.

చెప్పడం అయ్యాక టీచరమ్మ మొహంలోకి చూశాను. పాడు బుద్ధి ఊరుకోదు కదా, "గా పిల్లవు నువ్వే కాదు గదా?" అని అడిగాను.

ఆమె పక్కున నవ్వింది. "మాది భూపాలపల్లి దిక్కు తండా అమ్మా. చిన్నప్పుడు మీ బస్సు మొకమే చూడలే." లేచి సంచి భుజాన వేసుకుంది. "ఇప్పుడు చెప్పినరు చూడుండ్రి, గిది రాయుండ్రి."

ఇక చూడండి! డబ్బాలోని రోలు ముక్కలన్నీ మంచం మీద పరిచాను. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. పిల్ల చిలక కావడం మానేసింది, కండక్టరమ్మ కోతి అయింది. మాడిపోయిన నా కోతి ఈ రూపంలో తిరిగొచ్చిందని నాకు ఎంత సంతోషమో! నన్ను నేను ఎక్కిరించుకోవడంలో ఇంత రుచి ఉంటుందని అరవై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు.

"యాడికి బిడ్డా యాడికి?"
"యాడికి అవ్వా యాడికి!"
"అడిగిందేందే, యాడికి?"
"అన్నది గదే, యాడికి!"

కండక్టరమ్మకు కోపమొచ్చె
కోపంల ఈల మింగేసె
ఎక్కిలొస్తె ఈల మోగె
ఈల మోగితె బస్సు ఆగె
ఆగె కదిలె, కదిలె ఆగె
అందరి పండ్లు టకటకలాడె

దిగు దిగు అని పిల్లను దించె
ఫర్లాంగు పోయినంక తెలిసె
యాడి అంటె అమ్మనంట
ఎరుక లేనిది కండక్టరంట!
హోల్డాన్ హోల్డాన్, ఎనుకకు పోనీ
ఎక్కు బిడ్డా ఎక్కు...

అక్కడ ఆగిపోయాను. చివరి పాదం రాలేదు. పిల్ల ఎక్కిందని రాస్తే అబద్ధం. ఎక్కలేదని రాస్తే పిల్లలు ఏం నవ్వుతారు? రెండు రోజులు తిప్పలు పడ్డాను. శనివారం వచ్చేసింది. ముక్క చివర గులాబీ గీత దగ్గర కాగితం ఖాళీగానే ఉంది. అట్లాగే మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

నర్మెట్ట బస్సులో నేను ఇప్పుడు ప్యాసింజరును. ఆడవాళ్లకు ఇప్పుడు ఛార్జీ లేదు కదా, కండక్టరు పిల్ల నాకు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చింది. నా పాత ఈల మెడలో వేసుకుని వచ్చాను. చూసి నవ్వింది. టీచరమ్మ పక్కన కూర్చుని ఏదో చెబుతోంది గానీ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఈ పిల్లలు నవ్వకపోతే ఏం చేయాలి? అంతకంటే, నవ్వాక వాళ్లలో ఒక్కరు చిన్నబుచ్చుకుంటే ఏం చేయాలి?

రెండు గదుల బడి. ఇరవై మంది దాకా పిల్లలు వరండాలో బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. ముందు మేకను వదిలాను. మేకలను కాసే ఇళ్ల పిల్లలు, వాళ్లకు ఏం కొత్త అని భయపడ్డాను. "మే... మేసిన" అనగానే వెనక వరుసలో ఒకడు, "మా మేక నా నోటుబుక్కు మేసింది!" అని లేచాడు. ఇంకొకరి మేక చెప్పు మేసిందట. మేకల ఖాతాలన్నీ విన్నాక యాడికి పాట ఎత్తుకున్నాను.

మొదటి "యాడికి" వినగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోదానికి ముందు వరుసలో రెండు జడల పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, చిన్నబుచ్చుకునో తెలియలేదు. కండక్టరమ్మ ఈల మింగే చోట నేను నిజంగానే ఈల నోట్లో పెట్టుకుని, ఎక్కిలి తెచ్చుకుని, కుయ్ మని మోగించాను. ఒక్కసారి గొల్లుమన్నారు! ఆగె కదిలె అంటుంటే పిల్లలంతా ముందుకు వెనకకు ఊగుతూ పండ్లు టకటకలాడించారు. "యాడి అంటె..." అని నేను అన్నానో లేదో, "అమ్మా!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు. నాకు తెలియక తెల్లమొహం వేసిన మాట వాళ్లందరికీ పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ సంగతి వాళ్లకు ఎంత బాగా నచ్చిందో! నా మొహం వైపు వేలు చూపించి మరీ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. టీచరమ్మ కిటికీ దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఎక్కు బిడ్డా ఎక్కు..." దగ్గర ఆగిపోయాను.

"తర్వాత అవ్వా?" అంది రెండు జడల పిల్ల.

"తర్వాతది నాకు రాలేదు బిడ్డా," అన్నాను. అది నిజమే కదా.

"అయితె ఆడుదాం," అంది, దానికేం పెద్ద కష్టం అన్నట్టు. నా మెడలో ఈల తీసుకుని తన మెడలో వేసుకుంది. పిల్లలు ఒకరి అంగీ ఒకరు పట్టుకుని ఆవరణలో బస్సు కట్టారు. నేను అందరికంటే వెనక. కండక్టరైన రెండు జడల పిల్ల ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, "యాడికి?" అంటోంది. "యాడికి!" అని ఒక్కొక్కరూ విరగబడి నవ్వుతున్నారు. నా వంతు వచ్చింది.

"యాడికి అవ్వా?"

"జనగామకు," అన్నాను అలవాటు కొద్దీ.

"దిగు!" అంది.

అందరూ కెవ్వున కేక వేశారు. ముందున్న పిల్లవాడి అంగీ వదిలేసి పక్కకు జరిగాను. బస్సు నన్ను వదిలేసి బోరింగు చుట్టూ తిరగడానికి పోయింది. వట్టి ఆటే, నాకు తెలుసు. అయినా గోడ పక్కన ఒక్కదాన్నే నిలబడి, పోతున్న బస్సునే చూశాను. ఆ రోజు ఆ పిల్లకు ఎట్లా ఉండి ఉంటుందో ఇన్నేళ్లలో మొదటిసారి నా ఒంటికి తెలిసింది. దానికి ఆరేళ్లు. నాకు అరవై దాటాయి.

అంతలో ఈల మోగింది.

"హోల్డాన్!"

ఇరవై మంది పిల్లల బస్సు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ, తిట్టుకుంటూ వెనక్కి నడిచి వచ్చింది. రెండు జడల పిల్ల చేయి చాపింది.

"ఎక్కు అవ్వా, ఎక్కు!"

నేను తల ఊపలేదు. మోకాళ్ల సంగతి మరిచి ఉరికి, ఆ చేయి పట్టుకుని ఎక్కాను.

"యాడికి?" అంది మళ్లీ, ఈల పళ్ల మధ్య నుంచే.

"యాడికే బిడ్డా," అన్నాను. "యాడికే."

"రైట్ రైట్!"